డిక్కీ నిండా మన్ను

మొదటిసారి నేను రంగు కోసం తెచ్చుకున్నది మన్ను కాదు, ఇసుక అని తెలియడానికి నాలుగు రోజులు పట్టింది. షాద్‌నగర్ దాటాక రోడ్డు పక్కన చెల్క భూమి ఎర్రగా మెరిసిపోతుంటే కారు ఆపించి రెండు కిలోలు ఎత్తుకొచ్చాను. ఇంట్లో దంచాను, జల్లించాను, బంక కలిపి కాగితం మీద పూశాను. ఆరాక వేలితో తుడిస్తే రంగు కిందికి రాలింది, కాగితం గరుకుగా మిగిలింది. చెల్కలో ఎరుపు ఇసుక రేణువుల మీద సన్నటి పూత మాత్రమే. రేణువు లోపలంతా తెల్లటి పలుగురాయి. దాన్ని ఎంత నూరితే రంగు అంత వెలిసిపోతుంది. నేను రెండు గంటలు కూర్చుని మరీ నూరాను.

నీటి రంగులు వేయడం మొదలుపెట్టి ఎనిమిదేళ్లయింది. పెట్టెలో ఎల్లో ఓకర్, రా అంబర్, బర్న్ట్ సియెన్నా అని ట్యూబులు ఉండేవి. ఆ పేర్లకు అర్థం ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. లేపాక్షి గుడి కప్పు మీద బొమ్మలు చూడటానికి వెళ్లినప్పుడు, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ నిలబడ్డాక, అక్కడున్న గైడు "ఇవన్నీ మన్ను రంగులే మేడమ్" అన్నాడు. ఇంటికొచ్చి ట్యూబుల వెనక చదివాను. సియెన్నా అంటే ఇటలీలో సియెనా ఊరి పక్కన దొరికే మన్ను. బర్న్ట్ అంటే దాన్ని కాల్చారని. వాళ్ల ఊరి మన్ను నేను రెండొందల యాభై పెట్టి కొంటున్నానన్నమాట! పంతం అక్కడ మొదలైంది.

సంక్రాంతి సెలవులకు మా ఆయనా నేనూ నాలుగు రోజుల చుట్టు ప్రయాణం పెట్టుకున్నాం. హైదరాబాద్ నుంచి కర్నూలు, డోన్, బేతంచెర్ల, నంద్యాల, అక్కడి నుంచి గిద్దలూరు మీదుగా మార్కాపురం, తిరిగి దోర్నాల, శ్రీశైలం రోడ్డు మీదుగా అచ్చంపేట దగ్గర మా అమ్మ వాళ్ల ఊరు. దారి మొత్తం రాళ్లూ మన్నూ చూసి గీసిందే. ఆయనకు మాత్రం "యాగంటి చూద్దాం, శ్రీశైలం దర్శనం చేసుకుందాం" అని చెప్పాను. రెండూ అబద్ధాలు కావు కదా.

సామాను పెద్దగా ఏమీ లేదు. జిప్ కవర్లు, మార్కర్, పాత గరిటె, గోడకు లప్పం పట్టే రేకు, మాస్కులు, ఒక సీసా నీళ్లు, బాత్రూం టైలు ముక్క. అన్నిట్లోకీ ఎక్కువ పని చేసింది ఆ టైలు ముక్కే. నునుపుగా ఉన్న వైపు కాదు, వెనక గరుకు వైపు. దాని మీద రాయిని గట్టిగా గీస్తే గీత ఏ రంగులో పడిందో అదే రాయి అసలు రంగు. భూగర్భశాస్త్రం చదివేవాళ్లకు ఇది మొదటి నెల పాఠం. నాకు నలభై రెండేళ్లకు తెలిసింది. మెత్తటి మన్నుకైతే తడి వేళ్లు చాలు. చిటికెడు తీసి నలిపితే గరగరలాడిందా, ఇసుక. సబ్బులా జారి, కడిగినా వేలిముద్రల గీతల్లో రంగు ఉండిపోయిందా, అది పనికొచ్చే మన్ను. షాద్‌నగర్ దగ్గర ఈ పని చేసి ఉంటే రెండు కిలోల బరువు తప్పేది.

వెల్దుర్తి దగ్గర టీకి ఆగాం. కొట్టు వెనక కంకర కుప్పలో ఒక నల్లరాయి దొరికింది. పిడికెడంత ఉంది, బరువేమో ఇనుప గుండులా ఉంది. ఆ చుట్టుపక్కల ఇనుప ఖనిజం ఉందని ముందే చదివాను కాబట్టి చేతిలోకి తీసుకున్నాను. లేకపోతే నల్లరాయి మన్ను రంగులకు ఎందుకు? టైలు మీద గీశాను. ఎర్రటి గీత పడింది. ఎండిన నెత్తురు రంగు. మా ఆయన నమ్మలేదు. రాయి లాక్కుని మూడు గీతలు ఆయనే గీశారు. మూడూ ఎరుపే. ఆ క్షణం నుంచి ఆయన కూడా ఆటలోకి దిగారు, దారి పొడవునా కనబడ్డ ప్రతి రాయినీ టైలు మీద గీయడం మొదలుపెట్టారు. ఆ రాయి హెమటైట్. చూడటానికి నలుపైనా, ఉక్కురంగైనా, పొడి చేస్తే ఎరుపే. మన జేగురు రంగంతా దీని పుణ్యమే. కర్నూలు జిల్లాలోనే కేతవరం గుట్టల్లో ఆదిమానవులు గీసిన ఎర్ర బొమ్మలు ఇన్ని వేల ఎండాకాలాలు దాటి నిలబడింది కూడా ఇందుకే. ఇనుము తుప్పు పట్టాల్సినంతా పట్టేసిన తర్వాత ఎండ దాన్ని ఇంకేం చేస్తుంది?

బేతంచెర్ల అంటే నాకు నాపరాళ్ల ఊరుగానే తెలుసు. మా అమ్మ వాళ్ల ఇంట్లో పరిచినవి ఆ బండలే. ఊరి చుట్టూ బండలు కోసి పాలిష్ పట్టే యూనిట్లు, వాటి పక్కన పెరుగు గడ్డలా పేరుకున్న తెల్లటి బురద. ఇదే ఊరి చుట్టుపక్కల పసుపు మన్ను గనులూ ఉన్నాయి, బలపాల రాయీ దొరుకుతుంది. గనిలోకి వెళ్లి తవ్వుకుందామని నాకేం ఆశ లేదు. ఈ పసుపు మన్ను, అంటే ఓకర్, ఖనిజం. 2015 నుంచి చిన్నతరహా ఖనిజాల కింద రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంది, లీజు ఉన్నవాళ్లదే అది. హోటల్లో అడిగితే ఒక పొడి కొట్టే మిల్లుకు దారి చెప్పారు.

మిల్లు గేటు దగ్గరే తెలిసిపోయింది. చెట్టు ఆకులు పసుపు, రేకుల షెడ్డు పసుపు, కట్టేసిన కుక్క పసుపు. బస్తాలు మోస్తున్న మనుషుల కనుబొమలు కూడా పసుపే. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని పని చేస్తున్నారు. మేం మాస్కులు పెట్టుకుని పది నిమిషాలు నిలబడితేనే గొంతు పట్టేసింది. మన్ను రంగులు 'సహజం' కాబట్టి సురక్షితం అని ఎవరైనా అంటే నాకు ఆ కనుబొమలే గుర్తొస్తాయి. సన్నటి రాతి పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే అది సహజమా కృత్రిమమా అని ఊపిరితిత్తులు అడగవు. ఇంట్లో పొడిగా నూరడం మానేయాలని ఆ రోజే అనుకున్నాను. నూరేది ఏదైనా తడిపే నూరాలి.

సూపర్‌వైజర్ నా కోరిక విని నవ్వారు. "యాన్నుంచి వచ్చినారమ్మా? హైదరాబాదునుంచి మన్ను కోసమా?" అని రెండుసార్లు అడిగారు. కుప్పలోంచి కొబ్బరికాయంత గడ్డ తీసి ఇచ్చి, "దీనికి నేనేం బిల్లు రాసేది, తీసుకపోండి" అన్నారు. గడ్డ విరిస్తే లోపల చారలు. ఒక చార ముదురు ఆవపిండి రంగు, ఇంకోటి లేత నిమ్మ రంగు, మధ్యలో ఎర్రటి నరం. రెండు వేళ్లతో నలిపితే వెన్నలా జారింది. ఈ ప్రయాణంలో నేను వెతికింది ఇదే అని ఆ వేళ్లకు తెలిసిపోయింది. ఊరి బయట రోడ్డు పక్కన పడేసిన బలపపు రాయి ముక్క ఒకటీ, నాపరాతి బురద ఒక కవరూ తీసుకున్నాను.

నంద్యాల దాటాక నల్లరేగడి. పొలం గట్టు మీద శనగ చేను చూసుకుంటున్న పెద్దాయనను అడిగాను. "మన్ను అడిగి తీసుకునేటోళ్లను ఇదే సూడ్డం మ్మా" అని, గట్టు కింద పగులులోంచి తనే ఒక పెళ్ల పెకలించి ఇచ్చారు. మార్కాపురంలో పలకల వ్యర్థాల కుప్ప చూస్తే నాకు ఒకటో తరగతి గుర్తొచ్చింది. నేను ఉమ్ముతో చెరిపిన పలకలన్నీ ఈ ఊరి రాయే అయి ఉంటాయి. బ్లేడంత పలచటి ముక్కలు, కొన్ని నీలి బూడిద రంగు, కొన్ని కాస్త ఊదా. అడిగి నాలుగు తెచ్చుకున్నాను.

దోర్నాల నుంచి శ్రీశైలం వైపు ఘాటెక్కాక నల్లమల అంచుల్లో ఎన్ని ఎరుపులో! మట్టి కోసుకుపోయిన చోటల్లా ఒక్కో రంగు. అది పులుల అభయారణ్యం. ఒక చిటికెడు కూడా ముట్టుకోలేదు. ఇదే నిగ్రహం తర్వాత భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల్లోనూ పాటించాల్సి వచ్చింది. అక్కడైతే చెప్పుల అడుగున అంటిన మన్నును కూడా దులిపి వచ్చాను. అయినా అది కూడా ఇసుక మీద ఎర్రపూతే, తెచ్చినా షాద్‌నగర్ కథే అయ్యేది.

దారిలో ఒక చెక్‌పోస్టు దగ్గర డిక్కీ తెరవమన్నారు. వరసగా పద్నాలుగు జిప్ కవర్లు. పసుపు పొడి, తెల్ల పొడి, నల్ల పొడి, ఒక్కో దాని మీద మార్కర్‌తో తేదీ, ఊరి పేరు. ఆ అబ్బాయి మొహం చూసి నాకు చెమట పట్టింది. "ఏంటి మేడమ్ ఇవి?" "మన్ను." "ఏం మన్ను?" మా ఆయన తడుముకోకుండా టైలు ముక్క, నల్లరాయి తీసి అతని ముందు గీశారు. ఎర్ర గీత. అతను కూడా ఒకసారి గీసి చూసుకుని మమ్మల్ని పంపేశాడు.

చీకటి పడేసరికి ఊరు చేరాం. మర్నాడు పొద్దున అమ్మ వాకిట్లో కూర్చుని బేతంచెర్ల గడ్డను రోట్లో వేసి దంచి, జల్లెడ పట్టడం మొదలుపెట్టాను. పొడి గాలికి లేస్తోంది, మూతికి గుడ్డ కట్టుకున్నాను. అమ్మ చాయ్ తెచ్చి కాసేపు చూసింది.

"గట్ల జల్లెడ వట్టుకుంట కూసుంటె తెల్లారుతది బిడ్డా. జాజు ఎట్ల చేస్తరో సూడలేదా నువ్వు?"

చూశానేమో, గుర్తు లేదు. నా చిన్నప్పుడు మాది మట్టి గోడల ఇల్లు. పండక్కి పేడతో అలికి, గోడ అడుగున ఎర్ర జాజు పట్టీ, దాని మీద సున్నం చుక్కలు పెట్టేది అమ్మ. అంగట్లో జాజు గడ్డలు కొనుక్కొచ్చేవాళ్లు. తీసుకొచ్చిన జాజులో సగం ఇసుకా మట్టీ ఉండేదట. అమ్మ ఒక బకెట్, రెండు గిన్నెలు ముందు పెట్టింది. పొడి మొత్తం బకెట్లో వేసి నిండా నీళ్లు పోసి చేత్తో బాగా కలియదిప్పింది.

"ఇగ నూరు లెక్కవెట్టు. బరువున్నది కిందికి వోతది, రంగు పైన తిరుగుతనే ఉంటది. గా ఎర్ర నీళ్లు ఒంపుకోని, అడుక్కున్నది చెట్లకు పొయ్యి."

మాది పసుపు నీళ్లు. నూరు లెక్కపెట్టి పై నీళ్లు గిన్నెలోకి వంచాం. బకెట్ అడుగున గరగరలాడే ఇసుక. గిన్నెలోని నీళ్లు పెరుగు చిలికినట్టు చిక్కగా ఉన్నాయి. మళ్లీ నీళ్లు, మళ్లీ నూరు. మూడోసారికి గిన్నెలో అడుగు ఇసుక చేతికి తగల్లేదు. రాత్రంతా కదపకుండా వదిలేస్తే పొద్దునకు పైన తేట నీళ్లు, కింద పసుపు వెన్న. తేట వంచేసి వెన్నను పాత ధోవతి గుడ్డలో మూటగట్టి వేలాడదీశాం. పుస్తకాల్లో ఇదే పనికి ఒకటిన్నర పేజీ రాశారు, నేను చదివాను కూడా. చదివీ జల్లెడ పట్టుకు కూర్చున్నాను.

జాజు గోడకు ఎలా అంటుకునేదని అడిగాను. "గంజి కలుపుతం. లేకుంటె చీరకంటదా?" అంది. అదే బైండరు, రంగును పట్టి నిలిపే జిగురు. ఆ మాట నాకు ఎన్ని వీడియోల్లో చెప్పారో.

హైదరాబాద్ వచ్చాక మిగతా కవర్లన్నిటికీ ఇదే వైద్యం. వెల్దుర్తి నల్లరాయి మాత్రం ఏడిపించింది. ఇనుప రోలులో దంచితే గదంతా ఎర్ర చుక్కలు, బాత్రూం గచ్చు ఇప్పటికీ గులాబీ రంగే. తడిపి కల్వంలో మూడు సాయంత్రాలు నూరితే చెంచాడు రంగు వచ్చింది. ఆ చెంచాడు ఎంత గాఢమైనదంటే, పాలలో ఒక్క చుక్క పడితే గ్లాసంతా మారిపోయినట్టు, కాగితం మీద సూదిమొనంత పెడితే అరచేయంత మేర పరుచుకుంది.

బంక దగ్గర నేను పొరపాటు పడ్డాను. బేగంబజారులో తుమ్మ బంక తెచ్చి, ఒక వంతు బంకకు రెండు వంతుల వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి గుడ్డలో వడగట్టాను. అంతవరకు బాగుంది. దానికి నాలుగో వంతు తేనె కలపాలి, లేకపోతే రంగు ఆరాక పెళుసై పెంకులుగా లేస్తుంది. లవంగ నూనె రెండు చుక్కలు కూడా వేయాలి, లేకపోతే బూజు. తేనె వేశాను, లవంగ నూనె "తర్వాత చూద్దాం" అనుకున్నాను. జులైలో వానలు పట్టాక డబ్బా తీస్తే పసుపు రంగు మీద బొచ్చు మొలిచింది. ఇంకో సంగతి, నల్లతుమ్మ బంక కాస్త ఎర్రగా ఉంటుంది. ఎరుపు, పసుపులకు పర్వాలేదు గానీ, పలకరాతి బూడిద రంగును కాస్త మాసిన రంగుగా మారుస్తుంది.

రంగునూ బంకనూ కలిపి నూరడానికి అడుగు చదునుగా ఉన్న గాజు పొత్రం వాడతారు. అది కొనే బదులు, వంటింటి గట్టు వేసినప్పుడు మిగిలిన గ్రానైట్ ముక్క, ఒక బరువైన పచ్చడి సీసా తీసుకున్నాను. సీసా జర్రున జారిపోతోంది తప్ప రంగు నలగడం లేదు. పాలిష్ ఉన్న రాయి మీద ఏదీ నలగదట. హార్డ్‌వేర్ షాపులో రాయిని అరగదీసే కార్బొరండం పొడి తెచ్చి, నీళ్లు కలిపి సీసా అడుగునూ రాతినీ ఒకదానితో ఒకటి అరగంట రుద్దాను. గ్రానైట్ మెరుపు కాస్త పోయి, సీసా అడుగు పొగబట్టినట్టయింది. అప్పుడు పట్టు దొరికింది. సీసాను ఎనిమిది అంకె వేసినట్టు తిప్పుతూ పోతే మొదట బుసబుస ఇసుక చప్పుడు, ఇరవై నిమిషాలకు చప్పుడు ఆగిపోతుంది. చప్పుడు ఆగితే నలిగినట్టు. దాన్ని చిన్న ప్లాస్టిక్ గిన్నెల్లో పోసి నీడన ఆరబెట్టాను. ఒకేసారి నిండా పోస్తే నెర్రెలిచ్చింది, పొరలుగా పోస్తే నిలిచింది.

ఇక కాల్చడం. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. పసుపు మన్నులో ఇనుము నీటితో కలిసి ఉంటుంది, గోథైట్ అంటారు. సుమారు 300 డిగ్రీల దాకా వేడి చేస్తే ఆ నీరు ఆవిరైపోయి అదే ఇనుము హెమటైట్‌గా మారుతుంది. అంటే పసుపు ఎరుపవుతుంది. పాత ఇనుప దోసె పెనం మీద నాలుగు చెంచాల బేతంచెర్ల పసుపు వేసి, కిటికీలు తీసి, సన్నటి మంట పెట్టాను. పది నిమిషాలు ఏమీ కాలేదు. తర్వాత పొడి ఉడుకుతున్న జావలా బుడగలు వేయడం మొదలెట్టింది. నీటి చుక్క లేదు, పొడే బుడగలు! లోపలి ఆవిరి బయటకు తోసుకొస్తోంది. అంచుల దగ్గర నారింజ రంగు తిరిగింది, గరిటెతో కలిపితే ఇటుక రంగు, ఇంకాసేపటికి గోధుమ రంగు. అయ్యో మాడిపోయిందని పొయ్యి కట్టేశాను. చల్లారేకొద్దీ ఆ గోధుమ రంగు మెల్లగా వెలిగి ఎర్రబడింది. వేడి మీద రంగు ముదురుగా కనబడుతుందని అప్పుడు తెలిసింది. మర్నాడు మళ్లీ చేసి, ఐదు నిమిషాలకోసారి అరచెంచా పక్కకు తీసిపెట్టాను. ఒక్క గడ్డలోంచి ఆరు రంగులు. వాటిని వరసగా కాగితం మీద పూసి ఫ్రిజ్‌కు అంటించాను. దోసె పెనం మాత్రం వంటింటి నుంచి శాశ్వతంగా రిటైరైంది.

అన్నీ పండలేదు. నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు కాటుకలా ఉంది, ఆరాక మాసిన బూడిద. పైగా కాగితం మీద ఎండాకాలం చెరువు అడుగులా నెర్రెలు విచ్చింది. రేగడి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆరి కుంచించుకుపోతుంది, పొలంలో చేసిందే కాగితం మీదా చేసింది. బలపం పొడి నీళ్లలో కలవనే లేదు, పైన తేలుతూ వేళ్లకు జారుతూ నన్ను వెక్కిరించింది. నాపరాతి బురద తడి మీద కనబడదు, ఆరాక సన్నటి తెల్లపొరలా తేలుతుంది. పొగమంచు వేయడానికి బాగానే పనికొస్తోంది. నేను ఏ ఆశా పెట్టుకోని మార్కాపురం పలక మాత్రం అన్నిటికన్నా నచ్చింది. అది నలుపూ కాదు, నీలమూ కాదు. వాన ముందు ఆకాశానికి ఇంతకన్నా దగ్గరి రంగు నా ట్యూబుల్లో లేదు.

నీలం, ఆకుపచ్చ నా పెట్టెలో ఇప్పటికీ ఖాళీయే. అజంతా చిత్రకారుల ఆకుపచ్చ దక్కన్ నల్లరాతి (బసాల్ట్) లోపలి బుడగల్లాంటి ఖాళీల్లో దొరికే పచ్చమన్ను. నీలానికి లాజవర్దం అనే నీలిరాయి బయటి నుంచి తెప్పించుకున్నారు. వాళ్లకే దొరకని నీలం నాకెక్కడ దొరుకుతుంది!

పూతలన్నీ ఒక అట్ట మీద వేసి, సగం నల్ల కాగితం కప్పి, దక్షిణం కిటికీకి నాలుగు నెలలు అంటించాను. కప్పిన సగానికీ ఎండ తగిలిన సగానికీ తేడా కనిపెట్టలేకపోయాను. పక్కనే పరీక్షకు పెట్టిన కొన్న గులాబీ ట్యూబు రంగు మాత్రం సగానికి పాలిపోయింది.

దసరాకు ఊరెళ్లినప్పుడు అమ్మకు చూపిద్దామని కాల్చిన ఎరుపును చిన్న సీసాలో పట్టుకెళ్లాను. కొబ్బరికాయంత గడ్డకు, వారం పనికి, చివరికి మిగిలింది అది. అమ్మ సీసా మూత తీసి వేలితో కాస్త ముట్టుకుంది. బొటనవేలికి రాసి చూసుకుంది. మంచిగుందంది. తర్వాత సీసాను వెలుతురుకు ఎత్తి, అడుగు చూసి నా వైపు తిరిగింది.

"గింతేనా? గడపకు గూడ సాలది."